స్థలాల ధర దిగాలంటే ఏది మేలు: ఆర్‌బీఐ వడ్డీయా, రిజిస్ట్రేషన్ ఛార్జీలా, ఇంటి పన్నా, నేల పన్నా?

రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, తగ్గిన ప్రతిసారీ విజయవాడలో ఒకటే మాట, ఇక ఇల్లు కొనుక్కోవడం తేలికవుతుందని. పెరిగినప్పుడు ఇంకో మాట, ఇక స్థలాలు దిగొస్తాయని. రెండూ జరగవు. ఎందుకు జరగవో చెప్పి, వడ్డీ రేటును, రిజిస్ట్రేషన్ ఛార్జీలను, ఇప్పుడున్న ఇంటి పన్నును, కట్టడాన్ని వదిలేసి నేల విలువ మీద మాత్రమే వేసే పన్నును పక్కపక్కన పెట్టి చూద్దాం. నా ఓటు చివరిదానికి, అది ముందే చెప్పేస్తున్నా. అయితే షరతులు ఉన్నాయి, అవి లేకుండా తెస్తే నేనే వ్యతిరేకిస్తాను.

ముందు ఆర్‌బీఐ సంగతి. 2016లో చట్టం మార్చి రిజర్వ్ బ్యాంకుకి ఒక లక్ష్యం ఇచ్చారు: చిల్లర ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉండాలి, అటు రెండు ఇటు రెండు పోయినా ఫర్వాలేదు. ఆరుగురు సభ్యుల కమిటీ కూర్చుని రెపో రేటు తేలుస్తుంది. వాళ్లు చూసే సూచీలో బియ్యం, కూరగాయలు, ఇంటి అద్దె అన్నీ ఉంటాయి గానీ గజం ధర ఉండదు. కంకిపాడు దాకా స్థలాల ధర రెట్టింపయినా ఆ సూచీకి నేరుగా తెలియదు, తెలియనప్పుడు దాని మీద చర్య తీసుకోమని వాళ్లని అడగడంలో అర్థం లేదు.

మన దగ్గర జరిగిందే చూడండి. 2020 మే నుంచి 2022 మే దాకా రెపో 4 శాతం, అంటే చాలా చవక. ఆ రెండేళ్లూ అమరావతి చుట్టుపక్కల బేరాలు చల్లబడే ఉన్నాయి, ఎందుకంటే 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2024 జూన్‌లో రెపో 6.5 శాతం, అంటే ఖరీదైన డబ్బు. కానీ ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజుల్లోనే తుళ్లూరు వైపు ఫోన్లు మోగడం మొదలైంది, ధరలు లేచాయి. ఇక్కడ స్థలం ధరని కదిలించింది రాజధాని కబురు, రోడ్డు కబురు. వడ్డీ రేటు వాటి వెనక ఎక్కడో ఉంది.

వడ్డీ పనిచేసే చోట కూడా తిరగబడి పనిచేస్తుంది. నెలకి 50,000 ఈఎంఐ కట్టగలిగిన ఒక కుటుంబం ఇరవై ఏళ్ల అప్పు తీసుకుంటే, 9 శాతం వడ్డీకి సుమారు 55 లక్షలు వస్తాయి, 7 శాతానికి సుమారు 64 లక్షలు. ఆ తొమ్మిది లక్షలూ వాళ్ల జేబులో మిగలవు. పటమటలో కొత్తగా నేల పుట్టదు కదా, ఇంకో కుటుంబానికీ అంతే అప్పు దొరుకుతుంది, ఇద్దరూ అదే స్థలం కోసం పోటీ పడతారు, తొమ్మిది లక్షల్లో ఎక్కువ భాగం అమ్మేవాడికి పోతుంది. పోనీ వడ్డీ పెంచితే? ఫ్లాట్ కొన్నవాడి ఈఎంఐ పెరుగుతుంది. రొక్కం పెట్టి నాలుగు ప్లాట్లు కొని పడేసినవాడికి మాత్రం వడ్డీతో పనే లేదు, వాడు ఇంకో ఐదేళ్లు ఆగుతాడు. స్పెక్యులేటర్‌ని కొట్టాలని ఎత్తిన కర్ర పక్కనున్న జీతగాడికి తగులుతోంది.

వై.వి.రెడ్డి గారు గవర్నరుగా ఉన్నప్పుడు 2005, 2006లలో కమర్షియల్ రియల్ ఎస్టేట్ అప్పుల మీద బ్యాంకులు ఎక్కువ మూలధనం పక్కన పెట్టాలని రిస్క్ వెయిట్‌ని 150 శాతం దాకా తీసుకెళ్లారు. అది చాలా మంచి పని, 2008లో అమెరికా బ్యాంకులు కూలినప్పుడు దాని విలువ తెలిసింది. కానీ దానివల్ల బ్యాంకు భద్రంగా ఉంటుంది, స్థలం చవకవదు. రాజ్యాంగం చూసినా రిజర్వ్ బ్యాంకు కేంద్ర జాబితాలో ఉంది, భూములు భవనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో ఉంది. అంటే తాళంచెవి ముంబైలో లేదు, మన రాష్ట్ర ప్రభుత్వం దగ్గరే ఉంది.

ఇక రిజిస్ట్రేషన్ ఛార్జీలు. స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 60 లక్షల స్థలానికి నాలుగున్నర లక్షలు. ప్రభుత్వానికి దీనంత సుఖమైన పన్ను ఇంకోటి లేదు, కొనేవాడే నడిచొచ్చి కట్టిపోతాడు, వెంటపడి వసూలు చేయక్కర్లేదు. ఆ సుఖం నిజమే, కాదనను. కానీ ఎవరి మీద పడుతోందో చూడండి. తొలిసారి ఇల్లు కొనుక్కునే కుటుంబం మీద, గుంటూరులో ఇల్లు అమ్మి ఉద్యోగం కోసం వైజాగ్ వెళ్లేవాడి మీద. తాత కొన్న అరెకరాన్ని బందరు రోడ్డు పక్కన ముప్పై ఏళ్లుగా కదపకుండా ఉంచినవాడు ఈ పద్ధతిలో ఒక్క రూపాయి కట్టడు. పైగా అసలు ధర ఒకటి, డాక్యుమెంట్‌లో రాసేది ఇంకోటి, మిగతాది బ్లాక్. ప్లాట్ చేతులు మారుతుంటుంది గానీ రిజిస్ట్రేషన్ అవదు, అగ్రిమెంట్ మీదే ముగ్గురు నలుగురు తిరుగుతారు, చివరికి ఒకే స్థలానికి ఇద్దరు హక్కుదారులు తేలతారు. మన కోర్టుల్లో సివిల్ తగాదాలు ఇన్ని ఉండటంలో దీని వాటా తక్కువేం కాదు. ఇంకో లోపం, మార్కెట్ బాగుంటే ఖజానా నిండుతుంది, పడితే ఎండిపోతుంది, సరిగ్గా డబ్బు అవసరమైనప్పుడే రాదు.

ఇంటి పన్నుకి వద్దాం. 2021 ఏప్రిల్‌కి ముందు అద్దె విలువ మీద లెక్కకట్టేవారు, ఆ తర్వాత మూలధన విలువ, అంటే ఆస్తి ధర మీద లెక్కకట్టే పద్ధతికి మారారు. నివాసాలకి 0.10 నుంచి 0.50 శాతం మధ్య, ఏడాదికి 15 శాతం మించి పెరగకుండా కట్టడి. అప్పుడు విజయవాడలో వామపక్షాలు రోడ్డెక్కాయి. పన్ను ఏటా పెరుగుతూ పోతుందన్న వాళ్ల భయం అర్థమవుతుంది, కానీ ఆ గొడవలో అసలు ప్రశ్న పక్కకి పోయింది. మూలధన విలువలో రెండు ముక్కలు ఉన్నాయి, ఒకటి నేల, ఒకటి కట్టడం. రెండింటినీ ఒకే గాటన కట్టడం న్యాయమా?

లెక్క తేలిగ్గా ఉండాలని కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఒకే వీధిలో పక్కపక్కన రెండు 200 గజాల స్థలాలు, గజం 30,000 అనుకుంటే నేల విలువ ఒక్కోటి 60 లక్షలు. ఒకదాంట్లో గ్రౌండ్ ఫ్లోర్ మాత్రమే ఉంది, కట్టడం విలువ 20 లక్షలు. రెండోదాంట్లో అప్పు చేసి మూడు అంతస్తులు లేపి మూడు కుటుంబాలకి నీడ ఇచ్చారు, కట్టడం విలువ 60 లక్షలు. 0.15 శాతం లెక్కన మొదటివాడికి 12,000, రెండోవాడికి 18,000. అంటే ఊళ్లో ఇళ్లు పెంచినవాడికి ఆరు వేలు జరిమానా. అదే నేల మీద మాత్రమే 0.25 శాతం వేస్తే ఇద్దరికీ 15,000. కార్పొరేషన్‌కి వచ్చే మొత్తం అదే 30,000, కానీ ఇంకో అంతస్తు వేసుకున్నా పన్ను పెరగదు, కట్టకుండా కూర్చున్నా తగ్గదు. ఇక అదే ప్రాంతంలో అపార్ట్‌మెంట్‌లో ఉంటూ 40 గజాల అన్‌డివైడెడ్ షేర్ (ఉమ్మడి నేలలో వాటా) ఉన్న మధ్యతరగతి మనిషికి పడేది 3,000. నేల పన్ను అనగానే మధ్యతరగతి మీద బాంబు అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఖాళీ స్థలం పన్ను ఇప్పటికే ఉంది కదా అంటారు. ఉంది. ప్లాన్ అప్రూవల్ కోసం వెళ్లినప్పుడు బకాయిలతో కలిపి కట్టేవాళ్లే ఎక్కువ, అంటే ఇల్లు కట్టబోయేవాడే దాన్నీ మోస్తున్నాడు, పిచ్చిమొక్కలు పెంచుతూ ఎదురుచూసేవాడికి ఆ నోటీసు గుర్తే ఉండదు.

నేల విలువ ఎవరి సొత్తు అనేదే ఈ వాదనకి వెన్నెముక. 19వ శతాబ్దంలో అమెరికాలో హెన్రీ జార్జ్ అనే ఆర్థికవేత్త అడిగింది ఇదే: నీ శ్రమతో వచ్చింది నీదే, దాని మీద పన్ను వద్దు, కానీ నీ స్థలం పక్కన ఊరు పెరగడం వల్ల వచ్చిన విలువ ఊరిది. 2020లో కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచారు, భవానీపురం వైపు రాకపోకలు మారాయి. ఆ ఫ్లైఓవర్‌కి డబ్బు కట్టింది సరుకులు కొని పన్ను కట్టిన ప్రతి ఒక్కరూ. లాభం మాత్రం దాని అవతల నేల ఉన్నవాడికి ఎక్కువగా వెళ్లింది. ఇందులో అతని తప్పేమీ లేదు. కానీ ఆ లాభంలో ఏటా కొంత ఊరికి తిరిగి రావాలనడం దోపిడీ ఎలా అవుతుంది?

విచిత్రమేమిటంటే ఈ ఒక్క విషయంలో మార్కెట్‌వాదులూ వామపక్షాలూ ఒకచోట కలవొచ్చు. ఆడమ్ స్మిత్ నేల అద్దె మీద పన్ను సబబే అన్నాడు. పన్నులంటేనే గిట్టని మిల్టన్ ఫ్రీడ్‌మన్ కూడా ఉన్నవాటిలో తక్కువ చెడ్డది ఇదేనన్నాడు. ఎస్టోనియా 1993 నుంచి కట్టడాన్ని వదిలేసి నేల మీద మాత్రమే పన్ను వేస్తోంది. మన దగ్గర మాత్రం వాదన వేరే దారిలో నడిచింది. నిడుబ్రోలు నుంచి వచ్చిన ఎన్.జి.రంగా గారు రైతు సొంత భూమి రైతుదేనని నిలబడి, సహకార సేద్యాన్ని ఎదిరించి 1959లో స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య గారు భూమి పంచాలన్నారు. ఇద్దరి నిజాయితీనీ గౌరవిస్తాను. కానీ వాళ్లు వాదించుకుంది పొలం గురించి. పట్నం స్థలానికి ఆ రెండు సిద్ధాంతాలూ యథాతథంగా అతకవు. 1976 పట్టణ భూపరిమితి చట్టంతో పంపకం దారి ప్రయత్నించారు, మినహాయింపు దరఖాస్తులు, బినామీలు, కోర్టు కేసులే మిగిలాయి, 1999లో కేంద్రమే దాన్ని రద్దు చేసింది. పన్నుకి ఎవరి దగ్గరా భూమి లాక్కోవాల్సిన అవసరం లేదు, ఎంతైనా ఉంచుకో, ఉంచుకున్నందుకు కట్టు అంటుంది.

రాజధాని కోసం చేసిన అమరావతి ల్యాండ్ పూలింగ్ ఇంకో రకం. 29 గ్రామాల రైతులు పొలం ఇచ్చారు, ఎకరానికి వెయ్యి గజాల నివాస ప్లాటు, దాంతోపాటు మెట్టకి 250, నీటి వసతి ఉన్న జరీబు భూమికి 450 గజాల కమర్షియల్ ప్లాటు, పదేళ్లు ఏటా కౌలు. పెరిగే విలువలో రైతుకి వాటా ఇచ్చిన పద్ధతి అది, ఆ మేరకు మంచిదే. కానీ రిస్కు అంతా వాళ్లే మోశారు, 2019 తర్వాత వాళ్లు పడ్డ నరకం మనకి తెలుసు. ఏమీ ఇవ్వకుండా, ఏ దీక్షా చేయకుండా, అదే రాజధాని పేరు మీద గన్నవరం పక్కనో గోరంట్లలోనో స్థలం విలువ పెంచుకున్నవాడి వాటా ఎంత? సున్నా. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

అద్దెకి ఉండేవాళ్ల భయం ఒకటుంది, ఓనరు ఈ పన్ను తెచ్చి అద్దెలో కలిపేస్తాడని. ఓనరు ఇప్పటికే ఆ ఏరియాలో రాగలిగినంత అద్దె తీసుకుంటున్నాడు, తగ్గించి దయ చూపట్లేదు. కట్టడం మీద పన్ను వేస్తే కొత్త ఇళ్లు తగ్గి అద్దెలు పెరుగుతాయి, నేల మీద వేస్తే నేల ఎక్కడికీ పోదు, పైగా ఖాళీగా ఉంచినవాడికి ఏటా చేతి చమురు వదులుతుంది కాబట్టి కట్టడమో అమ్మడమో చేస్తాడు. అద్దె ఇళ్లు పెరుగుతాయి.

ఇప్పుడు షరతులు. గుంటూరు జిల్లాలో భూమి పన్ను అంటే జనానికి పెదనందిపాడు గుర్తొస్తుంది, గుర్తు రావాలి కూడా. 1921, 22లో పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెంట నడిచి ఆ ఫిర్కా రైతులు శిస్తు కట్టబోమని నిలబడ్డారు. అప్పటి మద్రాసు లెక్క ప్రకారం శిస్తు అంటే నికర రాబడిలో సగం వరకు, అందులో రైతు చెమట విలువ కూడా కలిసిపోయేది, పంట పోయినా కట్టాల్సిందే. అలాంటిది మళ్లీ రాకూడదు. అందుకే సాగుభూమికి ఈ పన్ను అసలు వద్దు, అక్కడ వేస్తే చివరికి బాధపడేది కౌలు రైతే. మాస్టర్ ప్లాన్‌లో పట్టణ వినియోగం కింద ఉన్న నేలకే వేయాలి, అప్పుడు ఊరి నడుమ రెండు సాళ్లు మొక్కజొన్న వేసి పొలం అని చెప్పుకోవడం కుదరదు.

రెండోది, చేతిలో నగదు లేని పెద్దవాళ్లు. మారుతీనగర్‌లో ఎప్పుడో చవకలో కొని ఇల్లు కట్టుకున్న రిటైర్డ్ టీచర్‌కి పింఛనే ఆధారం, స్థలం మాత్రం ఇవాళ కోట్లు. ఆమెని ఇల్లు అమ్ముకోమనడం దుర్మార్గం. డెన్మార్క్‌లో పెన్షనర్లు ఈ పన్నుని వాయిదా వేసుకుని ఇల్లు చేతులు మారినప్పుడు కట్టొచ్చు, ఇక్కడా ఆ వెసులుబాటు చట్టంలోనే రాయాలి, అధికారి దయకి వదలకూడదు. మూడోది, మొన్ననే 7.5 శాతం కట్టి కొన్నవాడిని మళ్లీ బాదకూడదు, ఆ మొత్తాన్ని కొన్నేళ్ల పన్నులో మినహాయించాలి, రిజిస్ట్రేషన్ ఛార్జీలు ఏటా కొంచెం దింపుతూ నేల పన్ను కొంచెం ఎక్కించాలి, పదేళ్లు పట్టినా సరే.

అన్నిటికన్నా కష్టమైనది నమ్మకం. 2022 ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఎలా పోయిందో చూశాం, నా భూమి రికార్డు ఎవడి చేతిలోకో పోతుందన్న భయం 2024 ఎన్నికల్లో ప్రతి ఊళ్లో వినిపించింది, కొత్త ప్రభుత్వం రాగానే దాన్ని రద్దు చేసింది. ఆ వేడి చల్లారకముందే నేల పన్ను అంటే ఎవరూ వినరు. అందుకని మొదటి పని పన్ను వేయడం కాదు. విజయవాడ, గుంటూరు కార్పొరేషన్లలో వీధివారీగా గజం విలువ మ్యాప్ మీద అందరికీ కనపడేలా పెట్టాలి, పక్కింటివాడి విలువతో పోల్చుకుని అభ్యంతరం చెప్పుకోవడానికి మూడు నెలలు ఇవ్వాలి, ఆ అభ్యంతరాలకి జవాబు రాతపూర్వకంగా రావాలి. వచ్చే బడ్జెట్‌లోనే దీనికి నిధులు ఇవ్వమని మన ఎమ్మెల్యేలని, కార్పొరేటర్లని అడగొచ్చు.