చాంబర్‌కి రెండు చిల్లులు

మా పాత 1.3 పెట్రోల్ మారుతికి, విజయవాడ ఆటోనగర్ స్క్రాప్‌లో కొన్న డీజిల్ స్విఫ్ట్ టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాను) బిగించి ఏడు నెలలైంది. రేసు ట్రాక్ కోసమే లెండి. ఇలాంటి మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు కాబట్టి రోడ్డెక్కించను. ఈ పనంతటిలో నన్ను ఎక్కువ ఏడిపించింది టర్బో కాదు, దాంట్లోంచి ఆయిల్ కిందికి దిగే పైపు. దానికోసం ఆన్‌లైన్‌లో 2,350 రూపాయలు పెట్టి ఒక రిటర్న్ కిట్ తెప్పించాను. ఐదుకు రెండున్నర. అందులో రెండు మార్కులు హోస్‌వే.

హోస్ నిజంగా బాగుంది. 10 ఏఎన్ అనే లావు సైజు, పైన నైలాన్ అల్లిక, లోపల ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు. మామూలు సిలికాన్ హోస్ పంపలేదు, అందుకు సంతోషం. సిలికాన్ అయితే కొన్నాళ్లకు ఆయిల్ చెమట పట్టినట్టు బయటికి ఊరుతుంది. అయితే సైలెన్సర్ పైపు పక్కనుంచి వెళ్తుంది కాబట్టి వేడికి తొడుగు మనమే కొనుక్కోవాలి, కిట్‌లో లేదు.

ఇక మిగతావి. పైపుని టర్బోకి బిగించే పలక, అదే ఫ్లాంజ్, దాని కింద వేసే ప్యాకింగ్ బొక్క, ఫ్లాంజ్ బొక్క కంటే చిన్నది. అంటే పదహారు అణాల పైపు పెట్టి మూతి దగ్గర పన్నెండు అణాలకు బిగించడం. బ్లేడుతో కోసుకున్నాను. ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి, అదే చాంబర్, దానికి వెల్డింగ్ చేయమని ఇచ్చిన బంగ్ (హోస్ తగిలించే మూతి) అల్యూమినియంది. నా చాంబర్ ఇనుప రేకు! లేత్ బాబాయ్ దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి, "దీన్ని దీనికి అతికిస్తే నాకు సన్మానం చెయ్యాలబ్బాయ్" అన్నాడు. ఆయనే ఇనుములో ఒకటి తిప్పి ఇచ్చాడు, 400 తీసుకున్నాడు.

కిట్‌తో వచ్చిన కాగితంలో "చాంబర్‌కి అనువైన చోట బిగించండి" అని ఒక్క ముక్కే ఉంది. అనువైన చోటు అంటే నాకు సైలెన్సర్ పైపు అడ్డురాని చోటు. కింద ఖాళీగా కనబడింది, అక్కడే చిల్లు పెట్టించాను. చాంబర్ విప్పి కిందికి దించే చేశాం. ఇంజన్ మీద ఉండగానే డ్రిల్ బిట్‌కి గ్రీజు పూసి తొలిచేవాళ్లున్నారు గానీ, ఒక్క ఇనుప రజను లోపల మిగిలినా నాకు నిద్ర పట్టదు.

బండి స్టార్ట్ చేస్తే పది నిమిషాలు అద్భుతం. ఇంజన్ వేడెక్కాక ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉత్తినే నడుస్తుంటే, నీలం పొగ. ఆయిల్ కాలుతోందన్నమాట. పక్క షెడ్డు వాళ్లు దోమల మందు కొడుతున్నారనుకున్నారు. మెకానిక్ చూసి "టర్బో సీల్ పోయిందండీ, వేరేది చూసుకోండి" అన్నాడు. ఆ టర్బోకి పోసిన డబ్బు గుర్తొచ్చి ఆ రాత్రంతా టెన్షన్.

మర్నాడు హోస్‌ని చాంబర్ దగ్గర ఊడదీసి, ఆ చిల్లుకి బిరడా బిగించి, హోస్ చివర ఒక డబ్బాలో పెట్టి ఐడిల్‌లో నడిపాను. ఒకరు డబ్బా పట్టుకోవడం, ఒకరు తాళం చెవి దగ్గర ఉండటం. ఆయిల్ తగ్గకుండా మధ్యలో ఆపి, డబ్బాలోది తిరిగి పోస్తూ నాలుగుసార్లు. పడుతున్నది ఆయిల్‌లా లేదు, ముంతలో పొంగిన కల్లులా ఉంది, సగం నురగే. సైలెన్సర్‌లో మిగిలింది కాలిపోయాక పొగ పలచబడి, ఆగిపోయింది. సీల్ తప్పేం లేదు.

అప్పుడు బుర్రకెక్కింది. టర్బోలోకి ఆయిల్ పంపు ఒత్తిడితో వెళ్తుంది, అందుకే సన్నని పైపు చాలు. బయటికొచ్చేటప్పుడు తోసేవాడు లేడు, తన బరువుతో తనే జారాలి, అదీ గాలి కలిసి ఉబ్బి. అందుకే పైపు లావుగా ఉండాలి. నా చిల్లేమో డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) పై గీతకంటే దాదాపు 20 మిల్లీమీటర్లు కింద, నిలవున్న ఆయిల్‌లో మునిగి ఉంది. దిగాల్సింది దిగక వెనక్కి తన్ని టర్బో కడుపు నిండుతోంది. టర్బోలో ఉండేది రబ్బరు సీలు కాదు, పిస్టన్ రింగులాంటి సన్న రింగు. నిలవ ఆయిల్‌ని అది ఆపలేదు.

చాంబర్ మళ్లీ దించాం. పాత చిల్లు మూయించి, పై గీతకు బాగా పైన కొత్తది. కిట్‌లోని 90 డిగ్రీల మలుపు పక్కన పడేసి, 45ది విడిగా కొన్నాను, ఎక్కడా లోయ పడకుండా హోస్ ఒకే వాలులో దిగింది. గత నెల చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి లారీ మీద తీసుకెళ్లి రోజంతా తిప్పినా పొగ లేదు.

అల్యూమినియం బంగ్ గురించి అమ్మినవాళ్లకు ఫొటోలతో సహా రాశాను. మర్యాదగా క్షమించమన్నారు, వారంలో దాని బదులు ఇంకోటి కూడా పంపారు. అదీ అల్యూమినియందే.