జీసీసీలో డబ్ల్యూకన్వర్షన్: పట్టుకునేవి, వదిలేసేవి

సీ భాషలో ఇంటీజర్ సైజుల తప్పులు మామూలు టెస్టుల్లో బయటపడవు. చిన్న విలువలతో అంతా సవ్యంగానే నడుస్తుంది, పెద్ద విలువ వచ్చినప్పుడే లెక్క తప్పుతుంది. వీటిని కంపైల్ దశలోనే పట్టుకోవడానికి జీసీసీ కంపైలర్‌లో ఉన్న మంచి సాధనం డబ్ల్యూకన్వర్షన్ (-Wconversion) అనే వార్నింగ్ ఆప్షన్. మామూలుగా వాడే వార్నింగ్ ఆప్షన్లు డబ్ల్యూఆల్, డబ్ల్యూఎక్స్‌ట్రా రెండూ పెట్టినా ఇది ఆన్ అవదు, విడిగా రాయాల్సిందే.

32 బిట్ల విలువను 16 బిట్ల వేరియబుల్‌లో పెట్టబోతే ఆ లైన్ నంబరుతో సహా చూపిస్తుంది. సైన్డ్ (మైనస్ సంఖ్యలూ పట్టే) విలువ అన్‌సైన్డ్ (మైనస్ సంఖ్యలు పట్టని) టైపులోకి జారిపోతున్నా చెబుతుంది. అయితే ఇది సీలో మాత్రమే. సీ ప్లస్ ప్లస్‌లో ఆ పని కావాలంటే డబ్ల్యూసైన్‌కన్వర్షన్ కూడా జోడించాలి.

అసలు చిక్కు ప్రమోషన్ దగ్గర ఉంది. ఇంట్ కంటే చిన్న టైపులు ఏ లెక్కలోకి వచ్చినా ముందు ఇంట్‌గా మారతాయి. 8 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్స్‌లో 200, 100 ఉన్నాయనుకోండి. కూడితే ఇంట్‌లో 300 సరిగ్గానే వస్తుంది, తిరిగి 8 బిట్లలో పెట్టగానే 44 అవుతుంది. 10వ వెర్షన్ నుంచి జీసీసీ ఈ కూడికపై డిఫాల్టుగా వార్నింగ్ ఇవ్వదు, ఎందుకంటే రెండు ఆపరాండ్లూ (కూడే విలువలు) 8 బిట్లలో పట్టేవే. అనవసరమైన వార్నింగులు తగ్గిన మాట నిజమే కానీ, చెక్‌సమ్‌లు, సెన్సర్ రీడింగులు లెక్కించే కోడ్‌లో ఈ మౌనం ప్రమాదకరం. అలాంటి ఫైళ్లకు, ఈ వార్నింగ్‌ను తిరిగి తెచ్చే డబ్ల్యూఅరిత్‌కన్వర్షన్ తప్పక పెట్టండి.

గుణకారం సంగతి ఇంకా ఘోరం. 16 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్స్ రెండిట్లోనూ 65535 ఉంది, వాటి లబ్ధాన్ని 64 బిట్ల సైన్డ్ వేరియబుల్‌లో పెడుతున్నారు. చోటు కావలసినంత ఉంది కదా అనిపిస్తుంది. కానీ గుణకారం జరిగేది ఇంట్‌లో. ఇంట్ 32 బిట్లయితే దాని గరిష్ఠం 2147483647, రావలసిన జవాబు 4294836225. ఇది సైన్డ్ ఓవర్‌ఫ్లో, అంటే అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ఏం జరగాలో సీ భాష నియమాలు చెప్పని స్థితి). చాలాసార్లు -131071 కనిపిస్తుంది, దానికీ భరోసా లేదు. ఇంట్ నుంచి 64 బిట్లకు వెళ్లడం విస్తరణే కాబట్టి డబ్ల్యూకన్వర్షన్ దీని గురించి ఒక్క మాటా అనదు. గుణించే ముందే ఒక ఆపరాండ్‌ను 32 బిట్ల అన్‌సైన్డ్‌కు కాస్ట్ చేయాలి (కోడ్‌లో రాసి టైపు మార్చాలి). గుణించాక మొత్తాన్ని కాస్ట్ చేస్తే ఫలితం ఉండదు.

ఈ లోటును పూడ్చేది యూబీశాన్, ప్రోగ్రామ్ నడుస్తుండగా అన్‌డిఫైన్డ్ బిహేవియర్‌ను పట్టే సాధనం. ఎఫ్‌శానిటైజ్ ఆప్షన్‌కు అన్‌డిఫైన్డ్ అని ఇచ్చి టెస్టులు నడిపితే, ఏ రెండు సంఖ్యల గుణకారం ఇంట్‌లో పట్టలేదో విలువలతో సహా చెబుతుంది. అయితే టెస్టులో ఆ పెద్ద విలువలు వచ్చి తీరాలి, కాబట్టి ప్రతి టైపు గరిష్ఠ విలువతో ఒక టెస్టు రాయండి.

పాత కోడ్‌లో డబ్ల్యూకన్వర్షన్ పెడితే వార్నింగులు కుప్పలుగా వస్తాయి. విసుగొచ్చి ప్రతిచోటా కాస్ట్ పెట్టేస్తే వార్నింగ్ పోతుంది, తప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఒక్కో ఫైలుకు ఆన్ చేసుకుంటూ, ముందు విలువ హద్దుల్లో ఉందో లేదో చూసి, ఆ తర్వాతే కాస్ట్ చేయండి.

మరో సంగతి: ఈ వార్నింగ్ మీరు కంపైల్ చేస్తున్న టార్గెట్ సైజులనే చూస్తుంది. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32 బిట్లే. 64 బిట్ల ఫైల్ ఆఫ్‌సెట్‌ను లాంగ్‌లో పెడితే లినక్స్ బిల్డ్ మాట్లాడదు. 32 బిట్ల బిల్డ్ కూడా ఒకసారి నడిపితే ఆ లైన్ వెంటనే బయటపడుతుంది.