దర్శనీ హుండీయా, ముద్దతీ హుండీయా?

మొఘల్ కాలంలో ఆగ్రా వర్తకుడు సూరత్‌కు డబ్బు పంపాలంటే వెండి రూపాయల మూటలు మోయించక్కర్లేదు. షరాఫు (డబ్బు లావాదేవీలు నడిపే వ్యాపారి) దగ్గర సొమ్ము కట్టి హుండీ, అంటే ఫలానా చోట ఇంత సొమ్ము చెల్లించమని రాసిన కాగితం, తీసుకుంటే చాలు.

దర్శనీ హుండీ చూపగానే సొమ్ము చేతికొచ్చేది. దారిదోపిడీ టెన్షన్ తప్పేది, అంతే.

ముద్దతీ హుండీ కథ వేరు. గడువు తీరాకే చెల్లింపు కాబట్టి అది నిజానికి అప్పు. వర్తకుడు హుండీ రాసిచ్చి ముందే డబ్బు పుచ్చుకుని, సరుకు కొని సూరత్‌కు పంపి, అమ్మిన సొమ్ముతో అక్కడ తీర్చేవాడు. 17వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, గోల్కొండ నుంచి సూరత్‌కు హుండీ ఖర్చు 4–5 శాతమని రాశాడు. వడ్డీ, దారి ప్రమాదం అందులోనే కలిసేవట!

చేతిలో డబ్బున్నవాడికి దర్శనీయే మేలు. సరుకు మీద బతికేవాడికి మాత్రం ముద్దతీ లేకపోతే వ్యాపారమే నడిచేది కాదు.