చేపెక్కిన అమ్మాయా, గదిలో దాక్కున్న నదా? హరునోబు బొమ్మల్లో ఏది మేలు?

జపాన్ చెక్క అచ్చు బొమ్మల్లో 'మితాతె' అని ఒక టైపు ఉంది, పాత చైనా కథనో కవితనో పట్టుకొచ్చి అప్పటి 'ఎదో' నగరం (ఇప్పటి టోక్యోనే) అమ్మాయిల మీద పెట్టేస్తారు, అసలుది ఏంటో చూసేవాళ్ళు పట్టుకోవాలి. ఇందులో సుజుకి హరునోబు మొనగాడు. 1765లో హైకాయి (హైకూకి మూలమైన సరదా కవిత్వం) కవుల బ్యాచ్‌లు, ఏ నెల పెద్దది ఏది చిన్నది అన్న లెక్క బొమ్మలోనే దాచిన క్యాలెండర్ బొమ్మలు పోటీపడి వేయించుకున్నారు, ఆ ఊపులోనే ఈయన పేరు మోగింది.

ఒకటి చేప బొమ్మ. చిన్ గావ్ అనే చైనా సిద్ధుడు నదిలోకి దిగి, చెప్పిన రోజుకి కార్ప్ చేప మీదెక్కి తిరిగొచ్చాడంట. హరునోబు ఆయన్ని దింపేసి ఒక అందగత్తెని ఎక్కించాడు, చేతిలో గ్రంథం చుట్ట పోయి ఉత్తరం వచ్చింది. కథ తెలియకపోయినా నవ్వొస్తది. కాకపోతే పేరడీ పద్యంలాగా, ఒకసారి నవ్వాక మళ్ళీ తీసి చూడబుద్ధి కాలేదు నాకు.

రెండోది 'జషికి హక్కెయ్', అంటే 'గదిలో ఎనిమిది దృశ్యాలు', 1766 ప్రాంతంలో వేసిన ఎనిమిది బొమ్మల సెట్టు. హునాన్‌లో షియావ్, షియాంగ్ నదుల దగ్గరి ఎనిమిది దృశ్యాలంటే చైనా చిత్రకారులకి ప్రాణం, వాలుతున్న అడవి బాతులు, రాత్రి వాన, గుడి గంట, అట్లాంటివి. ఈయన గడప దాటకుండానే అవన్నీ ఇంట్లోనే చూపించేశాడు. కోటో వాద్యం తీగల కింద ఏటవాలుగా నిలబెట్టిన చెక్కముక్కలే బాతుల బారు. టీ నీళ్ళు మరిగే చప్పుడే రాత్రి వాన, పక్కన ఒకావిడ కునికిపాట్లు పడుతుంటే పిల్లలు వెనక చేరి ఆవిడ జుట్టు మీద కోతివేషాలు. గడియారం కొడితే అదే గుడి గంట, తువాలు గాలికి ఉబ్బితే తెరచాప.

ఇది శ్లేష అండి, ఒకే పద్యంలో రాముడి కథ, పాండవుల కథ రెండూ నడిపినట్టు. ఉత్తి ఇంటి బొమ్మగా చూసినా ఏ లోటూ ఉండదు, నది కనపడ్డాక మాత్రం ఇంక గది గదిలా కనపడదు. అన్నీ అంత బాగుండవులే, అద్దాన్ని చంద్రుడనడం ఎవరైనా చేసేదే. పైగా టైటిల్ తెలియకపోతే చాలామందికి అసలు జోకే అందదు, ఆ విషయంలో చేపదే పైచేయి.

అయినా నా ఓటు గదికే. ఈ సెట్టు చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, చూస్తే టైటిల్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూడండి.