రోమన్ నగరాల స్టాంపుల ప్యాకెట్: వందలో పనికొచ్చేవెన్ని?

కోఠి వైపు పాత నాణేలు, స్టాంపులు అమ్మే దుకాణాల్లో ‘ప్రాచీన రోమన్ నగరాలు – 100 రకాలు’ అని చీటీ అతికించిన సెల్లోఫేన్ ప్యాకెట్ ఒకటి అమ్ముతున్నారు. చెప్పే ధర 750 రూపాయలు. పైకి కనిపించేలా కలోసియం పెట్టి, మిగతావి దాని వెనక దొంతర పేర్చి, మూతి సీలు చేసి ఇస్తారు. స్టాంపుకి ఏడున్నర రూపాయలే కదా, చవకే అనిపిస్తుంది. ఆ లెక్క నమ్మొద్దు.

విప్పి వేరుచేస్తే వాటా ఇలా తేలింది. ఆల్బమ్‌లో పెట్టుకోదగ్గ పాత స్టాంపులు 41. ఇటీవలి దశాబ్దాల రంగురంగులవి, ఫర్వాలేదనిపించేవి 27. గల్ఫ్ షేకుల సంస్థానాల పేరిట అచ్చయిన మెరుపు కాగితాలు 19. రోమన్లతో సంబంధమే లేనివి 7. చిరిగినవీ, ఒకటే మళ్ళీ పడినవీ కలిపి 6. ఆ 41 కోసమే డబ్బు పెడుతున్నామనుకుంటే ఒక్కోటి 18 రూపాయల పైన పడుతుంది. అందులో కొన్నింటికి ఆ ధర న్యాయమే, కొన్నింటికి కాదు.

ప్యాకెట్‌లో అన్నిటికన్నా విలువైన జంట మొరాకోది. మెక్నెస్ ఊరి దగ్గరున్న వొలుబిలిస్ శిథిలాలను ఫ్రెంచి ఏలుబడిలో 1917లో స్టాంపుల మీద వేశారు, అదీ పెద్ద విలువల మీద. ఆ ఏడాది అచ్చు ఎన్‌గ్రేవింగ్, అంటే లోహపు పలక మీద గీతలు చెక్కి వేసేది. 1923 నుంచి అదే బొమ్మను ఫొటోగ్రావ్యూర్‌లో, అంటే ఫొటోను చుక్కలుగా మార్చి వేసే పద్ధతిలో మళ్ళీ అచ్చేశారు. ఇక్కడ రెండూ వచ్చాయి కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పది రెట్ల భూతద్దం కింద 1917 స్టాంపులో నీడ అంతా గీతల అల్లిక. చీకటి కావాల్సిన చోట గీత మీద గీత అడ్డంగా పడి ఉంటుంది. టేబుల్ లైటు వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే సిరా కాగితం మీద సన్నగా ఉబ్బి కనిపిస్తుంది. 1923 నాటి దాంట్లో ఉబ్బు లేదు. నీడంతా చుక్కల జాలీ, అక్షరాల అంచులు కూడా రంపపు పళ్ళలా ఉంటాయి. రాయి రాయిలా కనిపించాలంటే ఎన్‌గ్రేవింగే ఉండాలి. శిథిలాల స్టాంపులు కొనేవాళ్ళు దేశం పేరుకన్నా, సంఖ్యకన్నా ముందు చూడాల్సింది అచ్చు పద్ధతి. ఈ పరీక్ష దుకాణంలోనే అర నిమిషంలో అయిపోతుంది.

ఆ లెక్కన తర్వాతి స్థానం ట్రాన్స్‌జోర్డాన్ (నేటి జోర్డాన్) 1933 సిరీస్‌ది. రోమన్ల కాలంలో గెరాసాగా వెలిగిన జెరాష్ ఇందులో చిన్న విలువల్లో రెండు చోట్ల వస్తుంది: 2 మిల్స్ (అప్పటి అక్కడి చిల్లర) మీద నింఫియం, అంటే నీళ్ళ మండపం, 5 మిల్స్ మీద ఆర్టెమిస్ ఆలయం. సిరీస్ మొత్తం 14 స్టాంపులు. పై విలువలు ఏ ప్యాకెట్‌లోనూ రావు, వాటి ధర వేరే లోకం. చిన్న విలువలు మాత్రం శుభ్రంగా వచ్చాయి, తపాలా ముద్ర కూడా బొమ్మను కప్పలేదు. అంతకు రెండేళ్ళ ముందే, 1931లో, మన నిజాం రాజ్యం అణా స్టాంపు మీద చార్మినార్‌ను, నాలుగణాల మీద ఉస్మాన్ సాగర్‌ను వేసుకుంది. అవీ ఎన్‌గ్రేవింగే. స్టాక్‌బుక్‌లో (స్టాంపులు దోపుకునే పుస్తకంలో) జెరాష్ పక్కన ఆ చార్మినార్‌ను ఒకటి దోపి చూడండి, పేజీకే కళ వస్తుంది.

సిరియా, లెబనాన్ 1925 సిరీస్‌లు దీనికి తిరగేసిన కథ. పామిరా స్తంభాలు, బాల్‌బెక్ శిథిలాలు ఉన్నాయి, కానీ అచ్చు ఫొటోగ్రావ్యూర్, కాస్త మసక. అయినా పామిరా స్టాంపును వదులుకోవద్దు. అక్కడి బెల్ ఆలయాన్నీ విజయ తోరణాన్నీ 2015లో ఐసిస్ పేల్చేసింది. 2017 మొదట్లో టెట్రాపైలాన్ అనే నాలుగు మూలల స్తంభాల కట్టడాన్నీ కూల్చింది. 1925 నాటికి అక్కడ నిలబడి ఉన్నవాటిలో కొన్ని ఇప్పుడు లేవు.

స్పెయిన్ 1974లో వేసిన ‘రోమా–హిస్పానియా’ సెట్ 8 స్టాంపులది. ఇందులో 5 వచ్చాయి: సున్నం లేకుండా గ్రానైట్ రాళ్ళు పేర్చి కట్టిన సెగోవియా ఎత్తుకాలువ, ట్రాజన్ కాలపు అల్కాంతరా వంతెన, బారా తోరణం, మెరిదా రంగస్థలం, కవి మార్షియల్. కట్టడాల వరకు బాగానే వచ్చినట్టు. కానీ మిగతా మూడు విడిగా వెతకడం పెద్ద తలనొప్పి. పూర్తి సెట్ అంత ఖరీదైనదేం కాదు కాబట్టి దాన్నే కొనుక్కోవడం నయం. బ్రిటన్ 2020 జూన్‌లో వేసిన ‘రోమన్ బ్రిటన్’ సెట్ కూడా 8 స్టాంపులదే. దాన్నుంచి హేడ్రియన్ గోడ, కేర్లియన్ యాంఫీథియేటర్ వచ్చాయి. ఫొటోలు బాగున్నాయి, అంతకు మించి చెప్పడానికి లేదు.

ఇటలీ స్టాంపుల్లో చమత్కారమైనది 5 లీరాల బుల్లి స్టాంపు. 1980లో మొదలైన కోటల సిరీస్‌లోది, పేరు కాస్తెల్ సాంతాంజెలో. కోట అని రాసి ఉంది గనక పక్కన పడేస్తారు గానీ, అది హేడ్రియన్ చక్రవర్తి సమాధిగా కట్టిన కట్టడం, క్రీ.శ. 139లో పూర్తయింది. ప్యాకెట్ కట్టినవాళ్ళకి ఆ సంగతి తెలిసినట్టుంది, ఏకంగా మూడు పెట్టారు! ఇటలీ పాతవాటికి వాటర్‌మార్క్, అంటే కాగితంలోనే దాగి ఉండే గుర్తు చూసుకోవాలి. యుద్ధం తర్వాతి తొలి దశాబ్దంలో రెక్కల చక్రం, 1955 నుంచి నక్షత్రాలు. ఆ గుర్తు బయటపడేలా చేసే వాటర్‌మార్క్ ద్రవం వేసేముందు ఒక మాట: కొన్ని ఫొటోగ్రావ్యూర్ సిరాలు ఆ ద్రవంలో కరిగిపోతాయి. ముందు చిరిగిన దాని మీద ఒక చుక్క వేసి చూడండి.

ఇక చికాకు పెట్టేవి. అజ్మాన్, ఫుజైరా లాంటి సంస్థానాల పేరిట 1960ల చివర్లో, 70ల మొదట్లో ఏజెంట్లు కలెక్టర్ల కోసమే గుట్టలుగా అచ్చేయించారు. గుర్తుపట్టడం తేలిక. ముద్ర ఒక మూలన కొలిచినట్టు గుండ్రంగా పడి ఉంటుంది, తిప్పితే వెనక గమ్ చెక్కుచెదరకుండా ఉంటుంది. కవరు మీద అతికి ప్రయాణం చేసిన స్టాంపుకి గమ్ మిగలదు కదా! పిల్లల ఆల్బమ్‌కి ఇవి బాగానే ఉంటాయి, మళ్ళీ అమ్మబోతే ఎవరూ కొనరు. రోమన్ కానివాటిలో ఏథెన్స్ పార్థినాన్ ఉంది, 1836లో పూర్తయిన పారిస్ విజయ తోరణం ఉంది. పెట్రాలోని ఖజ్నా కూడా ఉంది. అది నబాతియన్లది, రోమన్లు ఆ రాజ్యాన్ని కలుపుకున్నది 106లో. స్తంభాలు కనిపిస్తే చాలు, రోమ్ కింద వేసేశారు.

1929 నాటి ఫ్రాన్స్ 20 ఫ్రాంకుల పాంట్ దు గార్ ఉంటుందని ఎవరైనా ఆశ పెడితే నమ్మకండి. మూడంతస్తుల ఆ కాలువ వంతెన స్టాంపు ఈ ధరల్లో రాదు. అందులోనూ 11 పెర్ఫొరేషన్‌ది (అంచు రంధ్రాల లెక్క 11 ఉన్నది) ఇంకా అరుదు. పెర్ఫొరేషన్ గేజి అంటే 2 సెంటీమీటర్ల పొడవులో ఉన్న రంధ్రాల సంఖ్య. అంచు కత్తిరించి మళ్ళీ పళ్ళు కొట్టిన నకళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి గేజితో పాటు స్టాంపు వెడల్పునూ ఇంకోదానితో పోల్చాలి.

ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని కొంత ఉంది. కవరు ముక్కతో సహా ఉన్నవాటిని మామూలు చన్నీళ్ళలో 15–20 నిమిషాలు, బొమ్మ పైకి ఉండేలా తేలనివ్వండి. స్టాంపు తనంతట తాను జారాలి, గోటితో లాగితే వెనక కాగితం పలచబడిపోతుంది. ఎరుపు, ఊదా కవర్ల ముక్కలు విడి గిన్నెలో వేయాలి, లేకపోతే వాటి రంగు అన్నిటికీ అంటుకుంటుంది. తీశాక బ్లాటింగ్ పేపర్ మీద బోర్లా ఆరబెట్టి, తర్వాత బరువు పెట్టండి. గమ్ ఉన్న మింట్ (వాడని) స్టాంపులకు నీళ్ళు తగలనీయొద్దు. ఈ ప్యాకెట్‌లో నాలుగైదు మింట్ స్టాంపులకు పాత హింజ్ (ఆల్బమ్‌లో అతికించడానికి వాడే చిన్న కాగితం) ముక్కలున్నాయి. వాటిని పీకే ప్రయత్నం చేయకండి, హింజ్‌తో పాటు గమ్ కూడా లేచిపోతుంది.

సెల్లోఫేన్‌లోంచి మాత్రం వెంటనే తీసేయాలి. హైదరాబాద్‌లో ఎండాకాలం బాధ లేదు గానీ, జులై నుంచి సెప్టెంబరు దాకా గాలిలో తేమకి గమ్ మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పళ్ళ కొసల్లో గోధుమరంగు మచ్చలు మొదలవుతాయి. ఒకదానికి పట్టిందంటే దాన్ని వేరే పెట్టడమే. స్టాక్‌బుక్‌ను పడుకోబెట్టకుండా నిలబెట్టి, పక్కన సిలికా జెల్ సంచులు రెండు వేసి, వాన తగిలే గోడకి దూరంగా ఉన్న బీరువాలో ఉంచండి. మెత్తటి పీవీసీ కవర్ల ఆల్బమ్‌లు చవకగా దొరుకుతాయి, కానీ ఆ ప్లాస్టిక్‌లోని నూనెలాంటి పదార్థం కొన్నేళ్ళకి సిరాను పీల్చేస్తుంది. పాలిప్రొపిలీన్ అని రాసి ఉన్నవే తీసుకోండి.

కొనే పద్ధతి గురించి. అబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలిక్ బ్యూరోలో మన తపాలా శాఖ స్టాంపులే అమ్ముతారు, వీటి కోసం అక్కడికి వెళ్ళి లాభం లేదు. దుకాణంలో సీలు విప్పి చూపించమని అడగండి. బయట ఎదురుచూసేవాళ్ళు లేని మధ్యాహ్నం వేళ అయితే విప్పుతారు. గల్ఫ్‌వి, రోమన్ కానివి, చిరిగినవి పక్కకి తీసి మిగిలినవాటికి ధర కట్టమంటే 450–500కి ఒప్పుకుంటారు. ఆ ధరకి తీసుకోవచ్చు. సీలు విప్పనంటే స్పెయిన్ సెట్‌నూ, జెరాష్ రెండింటినీ విడిగా అడిగి, మొరాకో జంట ఉందేమో చూసి వచ్చేయండి.