హెడ్‌లైట్ ఫ్లాషర్‌తో మూడేళ్లు, 62 వేల కిలోమీటర్లు: కోనసీమ రోడ్ల మీద నా అనుభవం

నేను రొయ్యల మేత అమ్మే డీలర్ దగ్గర పనిచేస్తాను. ఇల్లు అమలాపురం. పొద్దున్నే బండెక్కితే బోడసకుర్రు వంతెన దాటి, రాజోలు మీదుగా చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు వైపు చెరువులు తిరిగి, సాయంత్రానికి ఇంటికొస్తాను. రోజుకు 70 కిలోమీటర్లకు తగ్గదు. బండి 125 సీసీ, 2018లో కొన్నాను.

నాలుగేళ్ల క్రితం ఒక లాకుల దగ్గర కాలువ వంతెన దిగుతుంటే, ఎదురుగా వస్తున్న ఆటో నా ముందే అడ్డంగా తిరిగేసింది. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆటో అతను పరిగెత్తుకొచ్చి నన్ను లేపుతూ "చూడలేదండీ, నిజంగా చూడలేదండీ" అంటూ వణికిపోయాడు. మిట్టమధ్యాహ్నం. నా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంది. అతను నా వైపు తల తిప్పడం నేను కళ్లారా చూశాను. అయినా అతను అబద్ధం చెప్పలేదు. నా వైపు చూసినా నేను అతని కంటికి ఆనలేదు.

చెయ్యి కట్టుతో ఇంట్లో కూర్చున్న నెలన్నరలో దీని గురించే చదివాను. అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడి బృందం 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. బండికి ఇంకో వాహనం తగిలిన ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండొంతులు అవతలి డ్రైవరు దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయట. ఆ డ్రైవర్లూ ఇదే మాట చెప్పారు: చూడలేదు, లేదా చూసేసరికి ఆలస్యమైపోయింది.

మన దగ్గర 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లన్నిటికీ ఇంజన్ ఆన్ చేస్తే లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మొదట్లో ఎదురొచ్చే ప్రతివాళ్లూ వేళ్లు ముడిచి తెరిచి "లైటు వేసుంది" అని సైగ చేసేవారు. ఇప్పుడు ఎవరూ చెయ్యరు. కళ్లు అలవాటుపడ్డాయి. దానికితోడు మన రోడ్ల నీడ. రెండు పక్కలా కొబ్బరి తోటలు, రోడ్డంతా ఎండముక్క, నీడముక్క. ఆ మచ్చల్లో ఒంటి లైటు కూడా ఇంకో ఎండముక్కలాగే కలిసిపోతుంది.

అందుకే హెడ్‌లైట్ ఫ్లాషర్ తెప్పించాను. అగ్గిపెట్టెంత డబ్బా. బల్బుకూ వైరుకూ మధ్యలో తగిలిస్తారు. పగటిపూట లైటును సెకనుకు నాలుగుసార్లు తగ్గించి పెంచుతుంది. పూర్తిగా ఆర్పదు, ఇది ముఖ్యం. అమెరికా నిబంధనల్లో నిమిషానికి 240 సార్లు, 40 అటూ ఇటూ, అని ఉంది. తగ్గినప్పుడు కూడా 17 శాతం వెలుగు మిగలాలి, చీకటి పడగానే మామూలు లైటుగా మారిపోవాలి. ఆ లెక్కలకు సరిపోయేదే చూసి కొన్నాను. బ్యాటరీ మీద వెలిగే హాలోజన్ బల్బు కాబట్టి నా బండికి కుదిరింది. బ్యాటరీతో పనిలేకుండా, ఇంజన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి నేరుగా లైటు వెలిగే పాత బళ్లకు ఇది పనిచెయ్యదు.

పెట్టించిన మూడో రోజు పెట్రోల్ బంకులో కుర్రాడు "బాబాయ్, మీ హెడ్‌లైట్ వైరు లూజైంది, కొట్టుకుంటోంది" అన్నాడు. "ఎక్కణ్ణుంచి చూశావ్?" అంటే "అదిగో, ఆ మలుపు కాడ్నుంచే" అన్నాడు. నాకు కావలసిందీ అదే.

కానీ మొదటి నెల పెద్ద తంటా వచ్చింది. తోటల మధ్యకు వెళ్లగానే ఫ్లాషింగ్ ఆగిపోయేది. చీకటి పడిందో లేదో చూసే సెన్సర్‌ను మెకానిక్ మీటరు కింద, నీడలో అంటించాడు. కాస్త చెట్టు నీడ తగిలితే చాలు, సాయంత్రమైందనుకునేది. అంటే నాకు ఎక్కడ అవసరమో సరిగ్గా అక్కడే పనిచెయ్యడం లేదు. సెన్సర్ ఊడదీయించి హ్యాండిల్ మధ్యలో ఆకాశం వైపు చూసేలా పెట్టించాక సరైంది. ఎవరైనా కొంటే ముందు ఈ పని చూసుకోండి. ఇంకోటి, చెరువుల దగ్గర ఉప్పుగాలికి ఏడాదిలోపే కనెక్టర్ పచ్చగా చిలుము పట్టింది. అప్పట్నుంచి వానాకాలం ముందు శుభ్రం చేసి వ్యాజిలిన్ రాస్తున్నాను.

ఫలితం ఉందా? ఉంది. కొబ్బరి లారీనో, ఐసు వ్యానునో దాటడానికి బయటికొచ్చిన కారు నన్ను చూసి మళ్లీ లోపలికి వెళ్లిపోవడం ఇప్పుడు తరచుగా చూస్తున్నాను. ఇంతకుముందు నేనే మట్టిలోకి దిగేవాణ్ణి. ఆటోలవాళ్లు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగుతున్నారు. అయితే ఈ లైటు నన్ను చూపిస్తుందే తప్ప, నేను ఎంత వేగంగా వస్తున్నానో చెప్పదు. అందుకని క్రాష్ గార్డుకు కింద రెండు చిన్న పసుపు లైట్లు, రోడ్డు వైపు వంచి, పెట్టించాను. మూడు లైట్లు త్రికోణంలా కనిపిస్తే దగ్గరకొచ్చేకొద్దీ ఆ త్రికోణం పెద్దదవుతుంది, ఎదుటివాడికి దూరం అంచనా దొరుకుతుంది.

ఊళ్లలో మాత్రం ఆపేస్తాను. ఒకసారి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటుతున్న పెద్దావిడ నా లైటు చూసి ఏం చెయ్యాలో తోచక నడిరోడ్డు మీదే నిలబడిపోయింది. బండి ఆపి, ఆవిణ్ణి దాటించి, ఆ సాయంత్రమే హ్యాండిల్‌కు స్విచ్ పెట్టించాను. స్విచ్ లేకుండా దీన్ని వాడకూడదు.

వెనక బ్రేక్ లైటుకు కూడా ఒక ఫ్లాషర్ పెట్టించాను. మొదట కొన్నది బ్రేక్ నొక్కినంతసేపూ కొట్టుకునేది. రావులపాలెం ట్రాఫిక్‌లో వెనక కారాయన దిగొచ్చి "ఏవండీ, కళ్లు పోతున్నాయి" అన్నాడు. ఆయనదే న్యాయం. నాలుగుసార్లు కొట్టి నిలకడగా వెలిగేది మార్చుకున్నాను. ఇచ్చిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే. ధనుర్మాసం మంచులో వెనకొచ్చేవాళ్లు ముందుగానే వేగం తగ్గించడం అద్దంలో కనిపిస్తుంది.

ఈ మంచులోనే చాలామంది నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్తుంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. మీరు ఎటు తిరుగుతారో చెప్పే దారే పోతుంది. రాత్రిపూట హెడ్‌లైట్ ఫ్లాషర్ ఎలాగూ కొట్టుకోదు, బండికి పక్కన తగిలించిన సామాను డబ్బాలకు అంటించిన రిఫ్లెక్టర్ టేపే నన్ను కాపాడుతోంది. గడ్డి ట్రాక్టర్లకు కూడా ఎవరైనా ఈ టేపు అంటిస్తే బాగుండు. వెనక ఒక్క లైటు ఉండదు, దగ్గరకెళ్లేదాకా గడ్డి అని తెలియదు. ఆ భయం ఏ ఫ్లాషర్‌తోనూ పోలేదు.

ఎర్రవీ నీలంవీ కొట్టుకునే లైట్లు కూడా దుకాణాల్లో దొరుకుతున్నాయి. వాటి జోలికి పోవద్దు. బండి ముందు ఎర్ర లైటు చూపించడం మన మోటారు వాహన నిబంధనలకు విరుద్ధం. అంబులెన్సుకు దారిచ్చే అలవాటు కూడా అలాంటివాటివల్లే పోతోంది. నేను పెట్టింది తెల్ల లైటే అయినా, కంపెనీ వైరింగ్ ముట్టుకుంటున్నాం కాబట్టి ముందు మీ రవాణా ఆఫీసులో ఒక మాట అడగండి.

మా అబ్బాయి మొన్న బండి కొన్నాడు. దానికి ఎల్ఈడీ హెడ్‌లైట్, లైటుకు కరెంటును సరిచేసి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ లోపలే ఉంది, నా డబ్బా దానికి పనికిరాదు. వాడికి వెనక బ్రేక్ ఫ్లాషర్, చుట్టూ టేపు, కింద రెండు పసుపు లైట్లు ఈ ఆదివారం పెట్టిస్తున్నాను.