గుడ్డు వెనక్కి దొర్లే రేకు గూడు: నాలుగు నెలలు వాడాక

మాది రాజాం దగ్గర పల్లెటూరు, పెరట్లో తొమ్మిది పెట్టలున్నాయి. వేసవిలో ఒక పెట్ట తన గుడ్డు తనే పొడుచుకు తినడం మొదలుపెట్టింది, దాన్ని చూసి ఇంకో రెండు రుచి మరిగాయి, పొద్దున్నే వెళ్తే గంపలో గడ్డికి అంటుకున్న పచ్చసొన, తడి పెంకు ముక్కలే ఉండేవి. ప్రాణం ఉసూరుమనేది.

అందుకే ఈ గూళ్లు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించాను, నాలుగైదు పెట్టలకు ఒకటి చొప్పున సరిపోతాయి. అడుగు వాలుగా ఉంటుంది, పెట్టిన గుడ్డు మెల్లగా దొర్లి వెనకాల మూత ఉన్న అరలోకి వెళ్లిపోతుంది, ముక్కు అందదు. కాకపోతే వాలు కాస్త ఎక్కువ, మొదటి వారం మూడు గుడ్లు రేకుకు కొట్టుకుని చిట్లాయి, అరలో గోనెపట్టా పరిచాక ఆ బాధ లేదు. పెట్టలు అలవాటు పడటానికి పది రోజులు పట్టింది.

గూడు కొనేసి ఊరుకోవద్దు. పెంకు పల్చనైతే గుడ్డు పగులుతుంది, అక్కడే ఈ అలవాటు మొదలవుతుంది. గుడ్లు పెట్టే కోళ్ల మేతలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉండాలి, మావి తిన్నది నూకలు, తవుడు! ఇప్పుడు ఆల్చిప్పల నూక విడిగా ఒక మూకుడులో పెడుతున్నా. "గుడ్డు పెంకులు వేస్తే ఎండబెట్టి మెత్తగా నూరి వెయ్యమ్మా, పెంకని తెలియకూడదు" అంది మా అత్త, అదీ పాటిస్తున్నా.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ మొదటి పెట్ట ఇప్పటికీ గుడ్డు పెట్టి లేవగానే కిందికి వంగి వెతుకుతుంది, కాసేపటికి బయటికి వచ్చేస్తుంది.